ఆసియా శరదృతువు పండగలు చూడాలంటే ట్రిప్ ఎలా ప్లాన్ చేసుకోవాలి

టికెట్లు బుక్ చేసే ముందు ఒక్కటి తేల్చుకోండి. మీరు చూడాలనుకుంటున్న పండగ వీధిలో జరిగేదా, ఇంట్లో జరిగేదా? సెప్టెంబర్ నుంచి నవంబర్ చివరి దాకా ఆసియాలో బోలెడు పండగలుంటాయి, ఫోటోల్లో అన్నీ ఒకేలా కళకళలాడుతూ కనిపిస్తాయి, కానీ అక్కడికి వెళ్లాక అనుభవం పూర్తిగా వేరుగా ఉంటుంది. కొన్నిటికి ఊరు ఊరంతా రోడ్డు మీదకి వస్తుంది, కొన్నిటికి ఊరు ఊరంతా తలుపులేసుకుని సొంతూళ్లకి వెళ్లిపోతుంది. ఈ తేడా తెలీకుండా వెళ్లినవాళ్లే "ఏముంది అక్కడ, షాపులన్నీ మూసేశారు" అంటూ తిరిగొస్తారు. పండగలో లోపం లేదు, వెళ్లిన పద్ధతిలోనే తేడా.

మొదటి స్టెప్: వీధి పండగా, ఇంటి పండగా

కొరియాలో చుసొక్, నేపాల్‌లో దశైన్, కంబోడియాలో ప్చుమ్ బెన్, ఈ మూడూ ఇంటి పండగలు. చుసొక్ రోజు పొద్దున్నే ఇళ్లల్లో చనిపోయిన పెద్దలకి కొత్త బియ్యంతో, పళ్లతో నైవేద్యం పెడతారు, తర్వాత సమాధుల దగ్గరకి వెళ్లి మొక్కుకుంటారు, అందులో టూరిస్టుకి చోటు ఉండదు, ఉండాలని ఆశించకూడదు కూడా. దశైన్‌లో పదో రోజు పెద్దవాళ్ల చేత నుదుట టీకా పెట్టించుకోవడమే అసలు ఘట్టం, దానికోసం ఖాట్మండులో ఉండే లక్షల మంది ఊళ్లకి వెళ్లిపోతారు.

వీధి పండగలంటే ఖాట్మండు ఇంద్ర జాత్ర, హాంకాంగ్‌లో తాయ్ హాంగ్ అగ్ని డ్రాగన్, జపాన్‌లో తకాయామా శరత్ పండగ, క్యోటో జిదాయ్ మత్సురి, నాగసాకి కుంచి, థాయిలాండ్‌లో లోయ్ క్రథోంగ్. వీటికి మీరు ఎవర్నీ తెలిసుండక్కర్లేదు, వెళ్లి నిలబడితే చాలు.

మొదటిసారి వెళ్తున్నవాళ్లకి నేను చెప్పేది వీధి పండగ పెట్టుకోమనే. ఆ దేశంలో స్నేహితులుండి, వాళ్లు ఇంటికి రమ్మని పిలిస్తే మాత్రం మిగతావన్నీ పక్కన పెట్టేసి ఇంటి పండగకే వెళ్లండి, అంతకి మించింది లేదు.

రెండో స్టెప్: డేట్ పట్టుకోవడం

జపాన్ పండగలు చాలావరకు ఇంగ్లీష్ క్యాలెండర్ ప్రకారం ఫిక్స్ అయి ఉంటాయి. నాగసాకి కుంచి అక్టోబర్ 7 నుంచి 9, తకాయామా అక్టోబర్ 9, 10, జిదాయ్ మత్సురి అక్టోబర్ 22. వారం ఏదైనా సరే డేట్ మారదు కాబట్టి ఏడాది ముందే ప్లాన్ చేసుకోవచ్చు.

మిగతావన్నీ చంద్రుడితో నడుస్తాయి. చైనా, హాంకాంగ్, వియత్నాం, కొరియాల్లో శరత్ పండగ (ఇంగ్లీష్‌లో మిడ్ ఆటమ్ ఫెస్టివల్, కొరియాలో చుసొక్) ఎనిమిదో చాంద్రమాన నెల పదిహేనో రోజు, అంటే పౌర్ణమి. 2025లో అది అక్టోబర్ 6న వచ్చింది, 2026లో సెప్టెంబర్ 25, 2027లో సెప్టెంబర్ 15. ఇక్కడ తెలుగు పంచాంగం తెలిసినవాళ్లు ఒక పొరపాటు చేసే అవకాశం ఉంది, "పోయినసారి ఆశ్వయుజ పౌర్ణమి కదా, ఈసారీ అదే" అని లెక్కేసుకుంటారు. 2025లో నిజంగానే రెండూ ఒకే రోజు కలిశాయి. కానీ చైనా పంచాంగంలో అధికమాసం 2025లోనే వచ్చేసింది, తెలుగు పంచాంగంలో 2026లో జ్యేష్ఠం అధికమాసం, అందుకని 2026లో వాళ్ల పండగ భాద్రపద పౌర్ణమి దగ్గర పడుతుంది. ఒక నెల తేడా అన్నమాట. కాబట్టి ఏ దేశం పండగకి ఆ దేశం క్యాలెండరే చూడండి, కుదిరితే అక్కడి ప్రభుత్వ సెలవుల లిస్ట్.

సెలవుల లిస్ట్ చూసేటప్పుడు ఇంకో సంగతి. హాంకాంగ్‌లో సెలవు పండగ రోజు కాదు, మర్నాడు. రాత్రంతా చంద్రుణ్ణి చూస్తూ మేలుకుంటారు కాబట్టి మర్నాడు సెలవు, సెలవు డేట్ చూసి ఫ్లైట్ బుక్ చేస్తే అసలు రాత్రి మిస్ అయిపోతారు. వియత్నాంలో ఈ పండగకి సెలవే ఉండదు, థాయిలాండ్‌లో లోయ్ క్రథోంగ్‌కీ ఉండదు, సెలవు లేదు కదా అని పండగ చిన్నదనుకోకండి.

మూడో స్టెప్: ఒక్కటే ఎంచుకోండి

పది రోజుల ట్రిప్‌లో మూడు దేశాలు, మూడు పండగలు అని పెట్టుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది. పండగకి ఒక నడక ఉంటుంది, మొదటి రోజు ఏదో మొదలవుతుంది, చివరి రోజు ఏదో ముగుస్తుంది, మధ్యలో ఒక పూట వచ్చి ఫోటో తీసుకుని పోతే ఏం అర్థం కాదు.

ఇంద్ర జాత్రనే తీసుకోండి. ఎనిమిది రోజుల పండగ. పాత రాజభవనం హనుమాన్ ఢోకా ముందు పొడవాటి చెట్టు మానుని తాళ్లతో లాగి నిలబెడతారు, దాన్ని లింగో అంటారు, పండగ అక్కడ మొదలవుతుంది. తర్వాత లాఖే అనే ముసుగు నాట్యం, ఎర్రటి జుట్టుతో రాక్షసుడి ముఖం, డోళ్ల వెనకాలే వీధి వీధి తిరుగుతుంది. పులు కిసి అని వెదురుతో అల్లిన ఏనుగు, లోపల ఇద్దరు మనుషులుంటారు, అది జనంలోకి ఉన్నట్టుండి పరిగెత్తుతుంది, పక్కకి తప్పుకోకపోతే తగిలేస్తుంది, పిల్లలకి అదే ఆట. మధ్యలో కుమారి (బతికున్న దేవతగా కొలిచే బాలిక) రథం, గణేశుడిగా, భైరవుడిగా కూర్చోబెట్టే చిన్న పిల్లల రథాలు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైంది శ్వేత భైరవుడి దగ్గర సాయంత్రం. మిగతా రోజుల్లో చెక్క జాలీ వెనక దాగి ఉండే ఆ పెద్ద బంగారు రంగు ముఖం ఈ పండగకి మాత్రమే పూర్తిగా బయటకి కనిపిస్తుంది. దాని నోట్లోంచి సన్నటి గొట్టం పెట్టి బియ్యంతో కాచిన కల్లులాంటిది వదులుతారు, కుర్రాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నోరు తెరుచుకుని ఆ ధార కోసం తోసుకుంటారు, అందులో చిన్న చేప కూడా వేస్తారు, అది ఎవరి నోట్లో పడితే వాళ్లకి అదృష్టమని నమ్మకం. అక్కడ కెమెరా బ్యాగ్ వేసుకుని మధ్యలోకి దూరొద్దు, కాస్త దూరంగా ఏదైనా గుడి అరుగుల మీద ముందే చోటు చూసుకుని కూర్చోండి, పై నుంచి అంతా కనిపిస్తుంది.

తాయ్ హాంగ్ అగ్ని డ్రాగన్‌ది వేరే కథ. 1880లో ఆ ఊరిని తుఫాను, తర్వాత అంటురోగం పట్టుకున్నాయని, డ్రాగన్ చేసి టపాసులు కాల్చి మూడు రోజులు ఆడితే రోగం పోయిందని చెప్పుకుంటారు. అప్పటి నుంచీ ఆడుతున్నారు. ఇప్పుడు తాయ్ హాంగ్ చుట్టూ ఎత్తైన బిల్డింగులే, అయినా ఆ సన్నటి సందుల్లోనే 67 మీటర్ల గడ్డి డ్రాగన్‌ని తిప్పుతారు, ఒళ్లంతా వేల అగరొత్తులు వెలుగుతూ ఉంటాయి. డ్రాగన్ ముందు ఆడించే ముత్యాలు రెండూ పంపర పనసకాయలు, వాటికీ అగరొత్తులు గుచ్చుతారు. పొగకి కళ్లు మండుతాయి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు ఆ రాత్రికి కళ్లద్దాలు వేసుకోండి, సింథటిక్ బట్టలు వేసుకోవద్దు, నిప్పు రవ్వలు పడతాయి. మూడు రాత్రులు ఉంటుంది, నెల పద్నాలుగు, పదిహేను, పదహారు. పదిహేనో రాత్రి అందరూ వస్తారు, కాబట్టి మీరు పద్నాలుగో రాత్రికి వెళ్లండి. తిన్ హావ్ మెట్రో స్టేషన్లో దిగి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు.

జపాన్‌లో అయితే తకాయామాకే నా ఓటు. 11 రథాలు, నల్ల లక్క, బంగారం పని, నెమ్మదిగా చెక్క చక్రాల మీద కదులుతాయి. ఒక రథం మీద బొమ్మలాట ఉంటుంది, లోపల కూర్చున్నవాళ్లు దారాలు లాగుతుంటే చిన్న పిల్లల బొమ్మలు ఊయల బార్ల మీద ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూ వెళ్లి హోతెయ్ దేవుడి భుజాల మీద వాలతాయి. పైన ఉన్న బొమ్మకి కింద ఉన్న మనిషి చెయ్యి అస్సలు తగలదు, అంతా దారాలే. 9వ తేదీ రాత్రి రథాలకి లాంతర్లు కట్టి ఊరేగిస్తారు, ఒక్కరాత్రే ఉండగలిగితే ఆ రాత్రే ఉండండి.

జిదాయ్ మత్సురి చరిత్ర ఇష్టమున్నవాళ్లకి. 794లో క్యోటో రాజధాని అయింది, 1100 ఏళ్లు నిండిన సందర్భంగా 1895లో ఈ ఊరేగింపు మొదలుపెట్టారు. మధ్యాహ్నం 12కి రాజభవనం దగ్గర బయల్దేరుతుంది, దాదాపు 2000 మంది, ముందు 19వ శతాబ్దపు మెయ్‌జీ కాలం వేషాలు, తర్వాత వెనక్కి వెనక్కి వెళ్తూ చివరికి క్యోటో రాజధాని అయిన హెయాన్ కాలం. చూసి "బానే ఉంది" అనిపిస్తుంది, ఒళ్లు జలదరించేంత ఉండదు. అదే రోజు రాత్రి కురామా అనే కొండ పల్లెలో అగ్ని పండగ ఉంటుంది, అది మాత్రం జలదరింపే, కాగడాలు భుజాల మీద మోసుకుంటూ అరుస్తూ వస్తారు. అయితే అక్కడికి వెళ్లే చిన్న రైల్లో విపరీతమైన రద్దీ, పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు వదిలేయడం మంచిది.

నాలుగో స్టెప్: జనం వెళ్లే దిక్కుకి ఎదురు దిక్కులో బుక్ చేసుకోండి

ఇది ఇంటి పండగల దేశాలకి ముఖ్యం. చుసొక్‌కి మూడు రోజుల సెలవు, ముందు రోజు, పండగ రోజు, మర్నాడు. సియోల్ నుంచి ఊళ్లకి వెళ్లే రైలు టికెట్లు ముందే ప్రత్యేకంగా రోజులు పెట్టి అమ్ముతారు, చూస్తుండగానే అయిపోతాయి. మీరు ఆ పోటీలోకి దిగకండి. అందరూ సియోల్ వదిలి వెళ్తున్న రోజు మీరు సియోల్‌లో ఉండండి, అందరూ సియోల్‌కి తిరిగొస్తున్న రోజు మీరు బయటకి వెళ్లండి, సీట్లు దొరికే అవకాశం ఎక్కువ. సెలవుల్లో సియోల్ రాజభవనాలకి సాధారణంగా ఎంట్రీ ఫ్రీ ఉంటుంది, హాన్‌బోక్ (కొరియా సంప్రదాయ దుస్తులు) వేసుకుంటే ఏడాదిలో ఎప్పుడైనా ఫ్రీనే. యోంగిన్‌లో ఉన్న ఫోక్ విలేజ్‌లో సొంగ్‌ప్యొన్ చేయడం, పాత ఆటలు చూపిస్తారు. సొంగ్‌ప్యొన్ అంటే బియ్యప్పిండితో అర్ధచంద్రాకారంలో చేసి, లోపల నువ్వులో పెసరపప్పో పెట్టి, పైన్ ఆకుల మీద ఆవిరికి ఉడికించేది. ఆకుల వాసన పిండికి పడుతుంది, వేడివేడిగా తినాలి.

చైనా మెయిన్‌ల్యాండ్‌కి అయితే అక్టోబర్ 1 నుంచి 7 జాతీయ సెలవుల వారంలోకి మీ ట్రిప్ జారకుండా చూసుకోండి. 2025లో శరత్ పండగ ఆ వారంలోనే కలిసి వచ్చి సెలవులు 8 రోజులయ్యాయి, 2026లో విడివిడిగా వస్తాయి, కాబట్టి 2026 ఈ విషయంలో సుఖం.

తకాయామా చిన్న ఊరు, పండగ రాత్రులకి రూములు చాలా ముందే నిండిపోతాయి. దొరక్కపోతే కంగారు పడకండి, తోయామాలోనో నాగోయాలోనో ఉండి రైల్లో వచ్చి పోవచ్చు, కాకపోతే రాత్రి చివరి రైలు టైం ముందే చూసుకోవాలి, లేకపోతే లాంతర్ల ఊరేగింపు మధ్యలోనే లేచి రావాల్సొస్తుంది.

భూటాన్‌లో థింఫు త్సేచు (ముసుగు నాట్యాల మత పండగ) చూడాలంటే ఖర్చు లెక్క వేరు, రోజుకి ప్రభుత్వానికి కట్టే ఫీజు ఉంటుంది, భారతీయులకి రాత్రికి 1200 రూపాయలు, చాలా దేశాల వాళ్లకి 100 డాలర్లు. హోటల్, గైడ్ దీనికి అదనం.

ఐదో స్టెప్: వానకి ఒక రోజు వదిలి పెట్టుకోండి

సెప్టెంబర్, అక్టోబర్ అంటే జపాన్, హాంకాంగ్ వైపు తుఫాన్ల సీజన్ ఇంకా అయిపోదు. హాంకాంగ్‌లో 8వ నంబర్ హెచ్చరిక ఎగరేస్తే బస్సుల దగ్గర్నుంచి ఆఫీసుల దాకా దాదాపు అన్నీ ఆగిపోతాయి. తకాయామాలో వాన పడితే రథాలు బయటకి రావు, ఆ లక్క, తెరలు తడవకూడదు, అప్పుడు రథాల గదులు తెరిచి లోపలే చూపిస్తారు. జిదాయ్ మత్సురి వానొస్తే మర్నాటికి మారుస్తారు, కాబట్టి 22 సాయంత్రమే క్యోటో వదిలేలా టికెట్ పెట్టుకోవద్దు. వియత్నాంలో హోయ్ ఆన్ లాంతర్ల కోసం అక్టోబర్, నవంబర్‌లో వెళ్లాలనుకుంటే అది అక్కడ వరదల కాలం, పాత ఊరి వీధుల్లోకే నీళ్లొస్తాయి.

ఆరో స్టెప్: రెండు రోజులు ముందే దిగండి

పండగ తయారీ చూడ్డం పండగ చూడ్డం కంటే ఒక్కోసారి బాగుంటుంది. హనోయ్‌లో హాంగ్ మా వీధి శరత్ పండగకి ముందు వారం రోజులూ వెలిగిపోతూ ఉంటుంది, ఐదు మూలల నక్షత్రం లాంతర్లు, చేప లాంతర్లు, సింహం తలలు, డప్పులు. అది అక్కడ పిల్లల పండగ, కుటుంబాలు పిల్లల్ని బండ్ల మీద ఎక్కించుకుని లాంతరు కొనడానికి వస్తారు. పండగ సాయంత్రం కాలు పెట్టే చోటు ఉండదు, అంతకు ముందు రోజుల్లో పొద్దున పూట వెళ్తే అమ్మేవాళ్లు తీరిగ్గా మాట్లాడతారు కూడా. ఒక చిన్న లాంతరు కొనండి, కొనకుండా షాప్ ముందు అరగంట నిలబడి ఫోటోలు దిగితే వాళ్ల బేరం పోతుంది.

ఏడో స్టెప్: చేతులతో ఏదైనా చేయండి

లోయ్ క్రథోంగ్ దీనికి బాగా సరిపోతుంది, అది పన్నెండో థాయ్ చాంద్రమాన నెల పౌర్ణమి, 2026లో నవంబర్ నాలుగో వారంలో పడుతుంది. కొనుక్కోకుండా క్రథోంగ్ (నీళ్లలో వదిలే చిన్న దీపం తెప్ప) మీరే చేసుకోండి, చాలా ఊళ్లల్లో గుళ్ల దగ్గరా గెస్ట్‌హౌస్‌ల్లోనూ నేర్పిస్తారు. అరటి బోదెని రెండు వేళ్ల మందాన గుండ్రంగా కోస్తారు, అదే తేలేది. అరటాకుని సన్నటి పట్టీలుగా చీల్చి ఒక్కోదాన్ని మడిచి రేకులా చేసి, చుట్టూ చిన్న పుల్లలతోనో పిన్నులతోనో గుచ్చుకుంటూ వస్తారు. ఆకు కాస్త వాడితేనే చిరగకుండా మడతపడుతుంది, తాజా ఆకు పటుక్కున విరుగుతుంది. పైన పూలు, కొవ్వొత్తి, అగరొత్తులు. కొందరు ఒక నాణెం, గోరు ముక్క, రెండు వెంట్రుకలు కూడా పెడతారు, ఏడాదిలో పట్టిన చెడు వాటితో పోతుందని. నీళ్ల ఒడ్డున కూర్చుని గంగమ్మకి క్షమాపణ చెప్పుకుని వదలాలి, గబగబా విసిరేయకూడదు.

ఇనప పిన్నులు వాడకండి, థర్మాకోల్‌ది ఎవరైనా అమ్మినా తీసుకోకండి. బ్రెడ్‌తో చేసినవి చేపలు తింటాయి కదా అని అమ్ముతారు, నిలవ నీళ్ల చెరువుల్లో అవి ఎక్కువైతే నీళ్లు పాడైపోతాయి, కాబట్టి అరటి బోదే మంచిది. నలుగురు వెళ్తే నాలుగు కాదు, అందరికీ కలిపి ఒక్కటి వదిలితే నదికి బరువు తగ్గుతుంది.

చియాంగ్ మాయ్‌లో ఆకాశ దీపాల గురించి కూడా చెప్పాలి. ఫోటోల్లో కనిపించే వేల దీపాలు ఒకేసారి ఎగిరే దృశ్యం టికెట్ పెట్టి చేసే ఈవెంట్లది, ఊళ్లో ఎక్కడ పడితే అక్కడ ఎగరేయడానికి పర్మిషన్ ఉండదు, విమానాల టైమింగులు కూడా ఆ రాత్రులకి మార్చేస్తారు, మీ ఫ్లైట్ ఆ సాయంత్రానికి ఉంటే మళ్లీ చెక్ చేసుకోండి. నన్నడిగితే టికెట్ ఈవెంట్ లేకపోయినా నష్టం లేదు, పింగ్ నది ఒడ్డున, పాత ఊరి గుళ్లల్లో వేలాడదీసిన కాగితం లాంతర్ల కింద తిరిగితే చాలు. కాస్త ప్రశాంతంగా కావాలంటే సుఖోథాయ్ వెళ్లండి, పాడుబడ్డ గుళ్ల మధ్య చెరువుల్లో దీపాలు వదులుతారు.

ఎనిమిదో స్టెప్: మర్యాద

ప్చుమ్ బెన్ పదిహేను రోజులు, తెల్లవారకముందే గుళ్ల చుట్టూ తిరుగుతూ చీకట్లో అన్నం ముద్దలు వేస్తారు, ఆకలితో తిరిగే పితృదేవతలకి అని. వాళ్లు తమ చనిపోయినవాళ్లని తలుచుకుంటున్నారు, అక్కడ ఫ్లాష్ వేయడం ఘోరం. తెల్లటి, భుజాలు కప్పే చొక్కా వేసుకుని, వెనకగా నిలబడి, ఎవరైనా ముద్ద చేతికిస్తే తీసుకుని వాళ్లు చేసినట్టే చేయండి.

భూటాన్ త్సేచులో టోపీ తీసేయాలి, నాట్యం జరిగే మధ్య చోటులోకి వెళ్లకూడదు. అది మొక్కు, షో కాదు.

నేపాల్‌లో దశైన్ టీకాకి ఎవరైనా ఇంటికి పిలిస్తే పళ్లో మిఠాయిలో తీసుకెళ్లండి, పెరుగు, బియ్యం, కుంకం కలిపి నుదుట పెడతారు, చెవి వెనక జమర అని చీకట్లో మొలకెత్తించిన పసుపు రంగు నారు పెడతారు, తల వంచి తీసుకోండి, గది దాటగానే తుడిచేసుకోకండి. ఎనిమిదో, తొమ్మిదో రోజుల్లో జంతుబలులు జరుగుతాయి, చూడలేనివాళ్లు ఆ రెండు పొద్దుటి పూటలు గుళ్ల వైపు వెళ్లకుండా ఉంటే సరిపోతుంది. దశైన్ అయ్యాక కొద్ది రోజులకే తిహార్ వస్తుంది, అందులో రెండో రోజు కుక్కలకి బంతి పూల దండలేసి బొట్టు పెట్టి అన్నం పెడతారు, వీధి కుక్కలకి కూడా, ఆ రోజు ఖాట్మండులో ఏ సందులోకి వెళ్లినా దండ లేని కుక్కని చూడ్డం కష్టం.

తొమ్మిదో స్టెప్: తిండి

శాకాహారులకి ఒక్క మాట. థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో చైనా పంచాంగం ప్రకారం తొమ్మిదో చాంద్రమాన నెల మొదటి తొమ్మిది రోజులు శాకాహార పండగ, పసుపు జెండా కట్టిన ప్రతి కొట్లోనూ మాంసం, గుడ్డు, పాలు లేని తిండే. ఉల్లి, వెల్లుల్లి కూడా వేయరు. అందరూ తెల్లబట్టలు వేసుకుంటారు, మీరూ వేసుకోండి. కాకపోతే ఊరేగింపుల్లో పూనకం వచ్చినవాళ్లు బుగ్గల్లోంచి శూలాలు గుచ్చుకుని నడుస్తారు, చిన్నపిల్లలకి చూపించొద్దు.

ఇంటి పండగ రోజుల్లో హోటళ్లు మూతపడతాయి కాబట్టి ముందు రోజే పళ్లు, బ్రెడ్, నీళ్లు రూములో పెట్టుకోండి. సియోల్‌లో కన్వీనియన్స్ స్టోర్లు తెరిచే ఉంటాయి, ఖాట్మండులో టూరిస్టులుండే థమేల్ వైపు ఏదో ఒకటి దొరుకుతుంది. శరత్ పండగకి అమ్మే మూన్‌కేక్ డబ్బాలు కొనేటప్పుడు లోపల ఏముందో అడగండి, చాలా మూన్‌కేకుల్లో ఉప్పులో ఊరిన గుడ్డు సొన ఉంటుంది, కొన్నిటి పిండిలో పంది కొవ్వు కలుపుతారు.

పదో స్టెప్: తిరుగు ప్రయాణం

రిటర్న్ టికెట్ పండగ ముగిసిన మర్నాడు కాకుండా రెండో రోజో మూడో రోజో పెట్టుకోండి. జనం తిరిగొచ్చే రోజుల్లో కొరియాలో హైవేలు, నేపాల్‌లో ఖాట్మండు వచ్చే ఘాట్ రోడ్లు గంటల తరబడి కదలవు. ఎయిర్‌పోర్ట్‌కి ఎప్పుడూ పట్టే టైం మీద ఇంకో రెండు గంటలు కలుపుకుని బయల్దేరండి.